ఉడుము వచ్చి చూసి పోతది

ఆ జంతువును నేను మొదట చూసింది తెర మీద కాదు, రేకు మీద. బెజవాడ నుంచి సినిమా పెట్టెతో పాటు రెండు రేకు బోర్డులు వచ్చాయి. ఒక్కొక్కటి మనిషి ఎత్తు. వాటి మీద నీళ్లలోంచి లేస్తున్న మహా జంతువు, దాని మోకాళ్ల దగ్గర అగ్గిపెట్టెలంత మేడలు, నోట్లో ఒక రైలుపెట్టె. నాకప్పుడు పన్నెండేళ్లు. మా నాయన బోర్డుకు అంటిన గడ్డి దులిపి, తల పక్కకు వంచి కాసేపు చూసి, "ఏందిది, ఉడుము లెక్కనే ఉన్నది" అన్నాడు. ఆ సినిమా తీసిన దేశంవాళ్లు దానికి ఏం పేరు పెట్టుకున్నారో మాకు అక్కర్లేకపోయింది. భద్రాచలం నుంచి పర్ణశాల దాకా ఏటి ఒడ్డు పల్లెలన్నిటికీ అది ఉడుము బొమ్మ అయింది. మా వైపు సినిమాను బొమ్మ అనే అంటారు.

మా నాయన టూరింగ్ టాకీసులో ఆపరేటరు. ఓనరు కల్లూరులో పొలాలున్న రైతు. ఏడాదికి రెండుసార్లు వచ్చి, డేరా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, గుంజలు గట్టిగా ఉన్నాయో లేదో ఊపి చూసి వెళ్లిపోయేవాడు. మిగతాదంతా మా నాయనే. ప్రొజెక్టరు నడిపేది ఆయనే, జనరేటరు చూసేది ఆయనే, డొక్కు జీపు, దాని మీది గొట్టం మైకు ఆయన చేతుల్లోనే. అమ్మ టిక్కెట్లు చింపేది. నేను సెలవుల్లో జీపు ఎడమ పక్కన కూర్చుని కరపత్రాలు విసిరేదాన్ని.

మా నాయనకు ఆస్తి అంటూ ఉన్నది గొంతొక్కటే. పెద్దగా అరిచే గొంతు కాదు, నిండైన గొంతు. మైకు పట్టుకుంటే అడవి అంచున మేకలు కాసేవాళ్లు కూడా ఆగి వినేవాళ్లు. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది" అని ఊరికే అంటుండేవాడు, ఆ సామెత తన కోసమే పుట్టినట్టు. నాకు అది కాస్త గొప్పలు పోవడంగానే అనిపించేది. ఇప్పుడు ఆ సామెత ఎవరైనా అంటే నేను లేచి పక్కగదిలోకి వెళ్తాను.

ఉడుము బొమ్మలో మాటలన్నీ ఇంగ్లీషు. అలాంటివి వచ్చినప్పుడు మా నాయన ప్రొజెక్టరు పక్కన నిలబడి, మైకులో తెలుగులో కథ చెప్పేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అమ్మ అదే అడిగితే, "ఉడుముకు మాత్రం వచ్చా ఏంది? మేమిద్దరం సర్దుకుంటం" అన్నాడు. కథ పెద్ద కష్టమైనది కాదులెండి. ఓడరేవు కోసం సముద్రం అడుగు తవ్వుతారు. అక్కడ యుగాలుగా నిద్రపోతున్న జంతువు లేస్తుంది. ఊరు తొక్కుతుంది. చివరికి విమానాలు వచ్చి దాన్ని చంపుతాయి. అది తెరిచిన కళ్లతోనే నీళ్లలో మునిగిపోతుంది.

మా జనంలో సముద్రం చూసినవాళ్లు ఒకరిద్దరు ఉంటారేమో. అందుకని మా నాయన సముద్రాన్ని తీసేసి గోదావరిని పెట్టాడు. పొద్దున్నే జీపుకు రెండు పక్కలా రేకు బోర్డులు కట్టుకుని ఊళ్ల మీద పడేవాళ్లం. "వస్తున్నది, వస్తున్నది. గోదావరిల నుంచి వస్తున్నది. ఊళ్లకు ఊళ్లు ముంచ వస్తున్నది. పిల్లాజెల్లతోని తరలి రాండ్రి." పిల్లలు జీపు వెంట పరుగెత్తేవాళ్లు. కుక్కలు రేకు మీది ఉడుమును చూసి మొరిగేవి.

మొదటి రోజు ఆటకు ఏటి ఒడ్డున ఉన్న కోయగూడెం నుంచి ఒక ముసలామె వచ్చింది. డేరాకు రెండు మైళ్లు. నేల టిక్కెట్టులో అందరికంటే ముందు కూర్చుని, చుట్ట వెలిగించి, ఆట మొదలైనప్పటి నుంచీ ఉడుముతో మాట్లాడుతూనే ఉంది. "అటు బోకు, అటు తుపాకులోళ్లున్నరు" అని దానికి దారి చెప్పింది. విమానాలు వచ్చి కాల్చేసరికి లేచి నిలబడింది. ఆమె నీడ తెర మీద పడి సగం ఉడుమును కప్పేసింది. జనం కూర్చొమ్మని కేకలు వేశారు. ఆమె వెనక్కి తిరిగి, ప్రొజెక్టరు వెలుతురు కళ్లలో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని, "దాని తప్పేందయ్యా? పండుకున్నదాన్ని లేపిండ్రు, లేసింది" అంది.

మర్నాడు పొద్దున ఆకుదొప్పలో ఇప్పపువ్వు తీసుకుని డేరా దగ్గరికి వచ్చింది. దొప్ప నా చేతిలో పెట్టి, మా నాయన ముందు గొంతుక్కూర్చుంది.

"కొడుకా, కథ చెప్పేది నువ్వే గదా. దాన్ని బతికియ్యరాదు?"

మా నాయన నవ్వాడు. "నేను జెప్తె బతుకుతదా అవ్వా? బొమ్మల చచ్చిపాయె."

"బొమ్మల మునిగింది. సచ్చిందని చెప్పింది నువ్వు."

నిజమే మరి, మునగడం ఒకటే తెర మీద కనిపించేది. ఆ సాయంత్రం ఆటలో ఉడుము నీళ్లలోకి దిగుతుంటే మా నాయన మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా చెప్పాడు. "సచ్చింది అనుకుంటున్నరు. సావలేదు. ఇంటికి పోతున్నది. మన ఉడుము ఎవ్వలనూ ఏం జెయ్యది. వస్తది, చూసి పోతది."

డేరా మొత్తం ఈలలు వేసింది. ముసలామె వెనక్కి తిరిగి మా నాయన వైపు చూసి తల ఊపింది, బాకీ తీరినట్టు.

ఆ మాట మా నాయనకు కూడా నచ్చింది. ప్రతి ఆటకూ అదే ముగింపు. తర్వాత పొద్దుటి ప్రచారంలో కూడా చేర్చాడు. ఒక వారంలో పిల్లలందరికీ కంఠస్థం. ఆయన "గోదావరిల నుంచి వస్తున్నది" అంటే వాళ్లు "వస్తది, చూసి పోతది" అని అందుకునేవాళ్లు. ఉడుము బొమ్మను రెండుసార్లు తిప్పి పంపి, జనం అడిగితే మళ్లీ తెప్పించాం. ముసలామె ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. ఆమె టిక్కెట్టు అడగడం అమ్మ ఎప్పుడో మానేసింది. గూడెం మీదుగా జీపు వెళ్తే ఎదురొచ్చి, రేకు బోర్డు మీది దుమ్మును కొంగుతో తుడిచేది. "గిది ఒక్కటి దొరికితె మూడు గూడేలు వారం తింటయి బిడ్డా" అని నాతో అనేది. బతికించమని బతిమాలినదీ ఆమే, వండుకునే లెక్క వేసినదీ ఆమే. ఆమెకు ఆ రెంటి మధ్య పేచీ ఏమీ కనపడలేదు. నాకు ఆమె అంటే చాలా ఇష్టం. ఈ మాట అప్పుడు ఆమెతో అనలేదు, అనాలని కూడా తెలియదు.

ఆ యేడు వానలు వెనకబడ్డాయి. మామూలుగా మృగశిర దాటితే డేరా పీకి పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో దాచేవాళ్లం. ఆ సారి శ్రావణం వచ్చినా మా నెత్తిన చినుకు లేదు, అందుకని డేరా అలాగే ఉంది. వాన కురిసింది మా దగ్గర కాదు, ఎక్కడో ఎగువన. గోదావరి అలాంటిదే. ఇక్కడ ఎండ కాస్తుంటే అక్కడి నీళ్లు మోసుకొస్తుంది. రెండు రోజుల్లో నీళ్లు ఎర్రబడ్డాయి. వేళ్లతో సహా చెట్లు కొట్టుకొచ్చాయి. భద్రాచలంలో ఒకటో ప్రమాద హెచ్చరిక, రెండోది దాటి, మూడోది పెట్టారని బస్సువాళ్లు చెప్పారు. తర్వాత బస్సులు రావడం ఆగింది, మా బడి కూడా మూశారు.

పొద్దున తొమ్మిదింటికి ఒక ఆఫీసరు మోటారు సైకిలు మీద డేరా దగ్గరికి వచ్చాడు. "నీ జీపు, నీ మైకు కావాలె. ఏటి ఒడ్డు పల్లెలన్నీ నీకు ఎరుకే. నువ్వు చెప్తె ఇంటరు" అన్నాడు. మా నాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయల్దేరాడు. బ్యాటరీ బిగిస్తూ నాతో, "బోర్డులు ఇప్పెయ్ బిడ్డా, జల్దీ" అన్నాడు.

కుడి పక్క బోర్డు విప్పాను. ఎడమ పక్కది తీగ తుప్పు పట్టి, మెలి పడిపోయి ఉంది. వేలు గీరుకుని నెత్తురు వచ్చింది. పనిముట్ల పెట్టెలో పటకారు ఉంది, అది నాకు తెలుసు. తెచ్చి కత్తిరించవచ్చు. తేలేదు. ఉడుము లేని జీపు బోసిగా కనిపించింది నాకు. ఆఫీసరు చెబితే వెళ్తున్న జీపు, దాని మీద మా ఉడుము ఉంటే ఏం పోతుంది అనుకున్నాను. ఎడమ సీట్లో ఎక్కి కూర్చుని, బోర్డు మీద చెయ్యి వేశాను. మా నాయన ఏమీ అడగలేదు.

మొదటి రెండు ఊళ్లలో వీధుల్లోకే నీళ్లు వచ్చి ఉన్నాయి, వాళ్లకు మైకుతో పని లేదు. అప్పటికే బండ్లు కడుతున్నారు. కోయగూడెం మాత్రం మెరక మీద ఉంది. ఎండ కాస్తోంది. ముంగిళ్లు పొడిగా ఉన్నాయి. ఏటి నీళ్లు పోసి పెంచిన మొక్కజొన్న చేలు నిలువెత్తున ఊగుతున్నాయి. ఏరు ఎప్పుడూ ఆ మెరక ఎక్కలేదని అక్కడి పెద్దల నమ్మకం. బోర్డు ఉన్న ఎడమ పక్కే గూడేనికి కనపడేలా జీపు తిరిగింది.

"వస్తున్నది. గోదావరి వస్తున్నది. పిల్లాజెల్లతోని గుట్ట ఎక్కండ్రి" అన్నాడు మా నాయన.

పిల్లలు పరుగెత్తుకొచ్చారు. "వస్తది, చూసి పోతది" అని అందరూ ఒక్కసారే అందుకున్నారు. ఆయన మళ్లీ చెప్పాడు, వాళ్లు మళ్లీ అందుకున్నారు. ఆడవాళ్లు చేటలు పట్టుకుని గడపల్లోకి వచ్చి నవ్వారు. ఒకతను ఆట ఎన్నింటికని అడిగాడు. మా నాయన మైకు ఆపి జీపు దిగాడు. ముసలామె ఎదురొచ్చింది. ఎప్పట్లాగే బోర్డు మీద దుమ్ము తుడిచింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అవ్వా, ఇది బొమ్మ గాదు. నిజంగనే వస్తున్నది. గుట్ట మీదికి పోదాం పా."

ఆమె ఆయన ముఖం చూసింది. కాసేపే. తర్వాత రేకు మీది ఉడుమును చూసి, పళ్లన్నీ కనపడేలా నవ్వింది. "రానియ్యి కొడుకా. వస్తది, చూసి పోతది. నువ్వే చెప్తివి గదా."

మా నాయన నోరు తెరిచాడు. మాట రాలేదు. నా జీవితంలో ఆయనకు మాట రాకపోవడం చూడటం అదే మొదలు. ముందు ఇంకా పల్లెలు ఉన్నాయి, దారి మీదికి నీళ్లు వస్తున్నాయని ఎవరో కేక వేశారు. ఆయన ఇంకోసారి అందరికీ గట్టిగా చెప్పి, ఆమె చెయ్యి వదిలి జీపెక్కాడు. మూల తిరిగేదాకా అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నానికి ఏరు ఆ మెరక ఎక్కింది. పశువుల కొట్టంలోకి నీళ్లు వచ్చాకగాని గూడెం కదల్లేదు. పిల్లల్ని భుజాల మీద వేసుకుని అందరూ గుట్ట ఎక్కారు. ముసలామె మొక్కజొన్న చేలో మంచె మీద ఉందట. కేకేస్తే చెయ్యి ఊపిందట. మంచె ఎత్తుగా ఉంది కదా, ఏరు తిరిగిపోతే దిగి వస్తుందిలే అనుకున్నారు. తెల్లారి చూస్తే మంచె లేదు, చేను లేదు. ఆమె దొరకలేదు.

ఆ గూడెంలో పోయింది ఒక్కరే అని రాసుకున్నారు, అంత వరదకు ఒక్కరంటే నయమేనని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వాళ్లను తప్పు పట్టను. మా ఇంట్లో మాత్రం ఒక్కరు అనేది చిన్న మాటగా ఎప్పుడూ వినిపించలేదు.

మా నాయన మైకును పాత తువ్వాలులో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టాడు. ఓదార్చడానికి వచ్చినవాళ్లు, "నువ్వు చెప్తివి గదన్నా, వాళ్లే ఇనకపాయిరి" అన్నారు. మా స్కూలు సారు ఒకాయన నాన్నా పులి కథ ఎత్తుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతుంది. ఆ కథలో పిల్లవాడు అబద్ధం చెప్పి భయపెట్టాడు. మా నాయన అబద్ధం చెప్పి భయం తీశాడు. ఒక ముసలామె అడిగిందని తీశాడు. ఆ రెండూ ఒకటి కాదు. కాకపోయినా ఫలితం ఒకటే అయింది, అదే మింగుడు పడదు.

గూడెంవాళ్లు ఆయన్ని ఒక్క మాట అనలేదు. నీళ్లు తీశాక మళ్లీ డేరా ఎప్పుడు వేస్తావని అడిగారు. ఒక మాట అని ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేదేమో.

మరుసటి వేసవిలో ఉడుము బొమ్మ రెండోది వచ్చింది. ఆ దేశంవాళ్లు చావనివ్వలేదు, దాన్నే మళ్లీ లేపారు. ఈసారి అది ఊరు తొక్కదు. ఇంకో పాడు జంతువు వస్తే దాన్ని తరిమి, ఊరిని కాపాడి, నీళ్లలోకి వెళ్లిపోతుంది. ఒడ్డున పిల్లలు చేతులు ఊపుతారు. మా నాయన మైకు తియ్యలేదు. జనం "మైకు, మైకు" అని అరిచారు. ఇంగ్లీషు మాటలు వాటంతట అవి వచ్చి పోయాయి. చివర్లో ఉడుము నీళ్లలోకి దిగుతుంటే ప్రొజెక్టరు వెలుతురులో ఆయన ముఖం చూశాను. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. చేతులు రీలు మీద ఉన్నాయి, తుడుచుకోలేదు. నాకు ఎడమ బోర్డు సంగతి చెప్పేయాలనిపించింది. ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత ఆయన ఖమ్మంలో ఒక పక్కా సినిమా హాలులో చేరాడు. అక్కడ ఆపరేటరు గదిలోంచి మాట్లాడే పని లేదు. రంగుల్లో ఉడుము బొమ్మలు ఇంకా వచ్చాయి, మూడోదో నాలుగోదో. అన్నిట్లోనూ అది మంచిదే. ఆయన రీలు ఎక్కించి, గోడ వైపు స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

మా పాపకు ఆరేళ్లు వచ్చేసరికి ఇంటికి కేబుల్ వచ్చింది. నేను అప్పటికి టీచరుని, మా నాయన మా దగ్గరే ఉంటున్నాడు. ఒక ఆదివారం పొద్దున టీవీ పెడితే అదే ఉడుము, ఈసారి కార్టూను. పచ్చగా, గుండ్రటి కళ్లతో, భుజం మీద ఒక బుడత ఉడుముతో. ప్రతి వారం ఏదో ఆపద వస్తుంది, ఇది నీళ్లలోంచి లేచి తీరుస్తుంది, మళ్లీ నీళ్లలోకి పోతుంది. నేను చానల్ మార్చబోయాను. "ఉండనియ్యి" అన్నాడు మా నాయన. ఆ రోజు నుంచి ఆదివారం పాప కంటే ముందు ఆయనే కుర్చీ జరుపుకునేవాడు. నవ్వేవాడు కాదు, రెప్ప వేసేవాడు కాదు.

నాలుగైదు వారాల తర్వాత, నేను ఉల్లిపాయలు తరుగుతుంటే, ఆయన టీవీ మీంచి చూపు తియ్యకుండానే అన్నాడు. "నేనొక్కన్నే అబద్ధం చెప్పిన అనుకున్న. బొమ్మ తీసినోళ్లు గూడ గట్లనే మార్చిండ్రు చూసినవా."

కత్తిపీట పక్కన పెట్టాను. ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది. "నాయనా, ఆ రోజు ఎడమ పక్క బోర్డు నేను ఇప్పలేదు. పటకారున్నది. కావాలనే ఇప్పలేదు. అది చూసినందుకే గూడెంవాళ్లు బొమ్మ అనుకున్నరు."

టీవీలో ఉడుము ఎవరినో ఎత్తి ఒడ్డున దింపింది.

"ఎరుకే" అన్నాడు చివరికి. "మొదటి ఊర్లనే చూసిన. నేనే ఉంచిన బిడ్డా. బొమ్మ జూస్తె జనం బయటికొస్తరు గదా, వచ్చినంక చెప్దాం అనుకున్న. వచ్చిండ్రు. నవ్వుకుంట వచ్చిండ్రు."

ఇన్నేళ్లూ ఒకే రేకు బోర్డును ఇద్దరం వేరువేరుగా మోశామన్నమాట. నాకు ఏడుపు వచ్చింది. ఉల్లిపాయల వల్ల అనుకుని పాప నవ్వింది. తర్వాత తాత మోకాలి మీద గడ్డం ఆనించి అడిగింది.

"తాతయ్యా, అది మన ఖమ్మం వస్తే ఏం చెయ్యాలె?"

"మంచిదే గదమ్మా, చూసి పో..." అని నోటికి వచ్చినది నేనే అనబోయి ఆగాను. మా నాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మాట్లాడితే అది ఆ గొంతు. డేరా గొంతు, మేకలవాళ్లను ఆపిన గొంతు, ట్రంకుపెట్టెలో తువ్వాలులో ఉందని నేను అనుకున్న గొంతు.

"గుట్ట ఎక్కాలె. సామాను చూడొద్దు. బొమ్మ అనుకోవద్దు. చూసి పోతది అని ఎవలన్న అంటె, నేనే అన్నా సరే, ఇనొద్దు. పక్కన ఎవలుంటె వాళ్ల చెయ్యి పట్టుకొని గుంజుకపోవాలె."

"వాళ్లు రానంటే?"

ఆయన పాప చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నవ్వుతరు బిడ్డా. నవ్వినా ఇడువొద్దు."